పంచ్ పడని టికెట్

మా నాన్న కృష్ణా జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ కండక్టరుగా పనిచేశారు. జీవితం మొత్తంలో ఆయన సరైన టికెట్ లేకుండా పట్టుబడింది ఒకే ఒక్కసారి. అది కెనడాలో, 2014 జులైలో, నా మూలంగా.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బస్సు సంగతి చెప్పాలి.

మేముండేది టొరాంటోకి ఉత్తరాన, మార్కమ్‌లో. టొరాంటో నగరం స్టీల్స్ అనే రోడ్డు దగ్గర అయిపోతుంది. రోడ్డుకి అటు టొరాంటో, ఇటు యార్క్ రీజియన్. చూడ్డానికి రెండు వైపులా అవే ఇళ్ళు, అవే కాఫీ కొట్లు, అదే మంచు. కానీ పోలీసులు వేరు, బస్సులు వేరు. యార్క్ రీజియన్ అంటే మన లెక్కలో ఒక జిల్లా అనుకోండి. మార్కమ్, రిచ్‌మండ్ హిల్, వాన్, న్యూమార్కెట్ లాంటివి తొమ్మిది ఊళ్ళున్నాయి. పూర్వం పెద్ద ఊళ్ళు తమ బస్సులు తామే నడుపుకునేవి. 2001లో వాటిని కలిపి ఒకే సంస్థ చేశారు. 2005 సెప్టెంబరులో ఆ సంస్థ ‘వీవా’ అనే పేరుతో నీలంరంగు బస్సుల్ని రోడ్డెక్కించింది. నేను ఈ ఊరొచ్చింది ఆ మరుసటేడు. నా ఉద్యోగం టొరాంటో డౌన్‌టౌన్‌లో. అక్కడ నెలకి పార్కింగుకయ్యే డబ్బుతో బెజవాడలో ఒక చిన్న సంసారం గడిచిపోతుందని లెక్కవేసి, కారుని శని ఆదివారాలకే పరిమితం చేసి, బస్సు మనిషినైపోయాను. కండక్టరు కొడుకు బస్సెక్కడంలో వింతేముంది?

వీవా మామూలు బస్సు కాదు. దాన్ని బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ అంటారు. నా మాటల్లో చెప్పాలంటే బస్సుకి రైలు బుద్ధులు నేర్పడం. బ్రెజిల్‌లో కురిచీబా అనే ఊళ్ళో జైమీ లెర్నర్ అనే ఆర్కిటెక్టు మేయరుగా ఉండగా, మెట్రో రైలుకి డబ్బుల్లేక, 1974లో బస్సులకే రోడ్డు మధ్యలో సొంత దారులిచ్చి మొదలెట్టాడు. 2000 చివర్లో కొలంబియాలోని బొగోటా దాన్ని ఇంకా పెద్దయెత్తున చేసి చూపించింది. అక్కణ్ణించి ప్రపంచమంతా పాకింది. మావాళ్ళు మాత్రం మొదట్లో సొంత దారి వేయలేదు. ఉన్న రోడ్డు మీదే నడుపుతూ, కూడళ్ళ దగ్గర మిగతా బళ్ళని దాటి ముందుకెళ్ళడానికి చిన్న సందు, సిగ్నల్ దగ్గర కాస్త మర్యాద, అంతే ఇచ్చారు. ఆ మర్యాద ఎలాగంటే, బస్సు టైముకి నడుస్తుంటే సిగ్నల్ దాన్ని పట్టించుకోదు. ఆలస్యమైతే మాత్రం బస్సులోని యంత్రం సిగ్నల్‌ని అడుగుతుంది, సిగ్నల్ పచ్చలైటుని ఇంకొన్ని క్షణాలు పట్టి ఉంచుతుంది. అవసరం ఉన్నప్పుడే అడగడమన్నమాట. ఈ ఒక్క ముక్క రాసినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. ఇరవయ్యేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నాను, ఇంత సంస్కారంగా ప్రవర్తించేదాన్ని ఒక్కటి కూడా రాయలేదు.

సొంత దారులు తరవాత వచ్చాయి. 2013లో హైవే 7 నడిమధ్యన ఎర్రటి తారు దారి, అటూ ఇటూ అద్దాల కప్పులున్న స్టేషన్లు మొదలయ్యాయి. ఆ దారిలో కార్లు రాకూడదు. కార్లవాళ్ళకి అది కంటకింపు. ‘మేమిక్కడ చచ్చిపోతుంటే ఆ ఎర్రదారి ఖాళీగా పడుంటుందేంటి?’ అని మా తెలుగువాళ్ళ విందుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సజావుగా సాగే దారి ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుందండీ. నిండుగా కనిపించిందంటే అది ఆగిపోయిందని అర్థం. (ఈ వాదనలో నేనెప్పుడూ గెలవలేదు. మా ఆవిడ కూడా అటు పక్షమే. మధ్యాహ్నంపూట బస్సు బస్సుకీ మధ్య అంతంతసేపు నిలబడి చూస్తే వాళ్ళ మాటలోనూ కొంత నిజముందని నాకే అనిపిస్తుంది.)

అమ్మా నాన్నా 2014 మే నెలలో వచ్చారు. నాన్న రిటైరై అప్పటికి ఐదేళ్ళు. నయాగరా చూపించాను, సి.ఎన్. టవరు ఎక్కించాను. రెండింటికీ మర్యాదకి ‘బాగుందిరా’ అన్నారు. మూడో వారంలో వీవా ఎక్కించాను. అప్పుడు కళ్ళు తెరిచారు.

బస్సు వచ్చి ఆగింది. మూడు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఏ తలుపు దగ్గరుంటే ఆ తలుపులోంచి ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. బస్సు కదిలింది. నాన్న వాచీ చూసుకుంటున్నారు.

“పదహారు సెకన్లు” అన్నారు. తరవాత, “టికెట్టెవరు కొడతారు?”

“ఎవరూ కొట్టరు నాన్నా. స్టాపులోనే మిషన్లో కొనుక్కుని ఎక్కాలి. కార్డున్నవాళ్ళు అక్కడే తాకిస్తారు. డ్రైవరుకి సంబంధం లేదు.”

“కొనకుండా ఎక్కితే?”

“ఎక్కచ్చు. ఎప్పుడైనా చెకింగ్ వస్తే జరిమానా.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నలభై మంది ప్రయాణికుల్నీ ఒక్కొక్కరినీ చూశారు. ఎవరి దగ్గర టికెట్ లేదో ముఖం చూసి చెప్పేసేవారు ఆయన, సర్వీసులో ఉన్నప్పుడు. ఇక్కడ ఆ విద్య పనిచేయలేదనుకుంటాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర తనే మొదలెట్టారు. విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు సర్వీసు. మామిడికాయల రోజుల్లో పైన గంపలు, లోపల జనం, వెనకాల నిచ్చెన మీద కుర్రాళ్ళు. టికెట్లు కొట్టడానికి స్టేజీకీ స్టేజీకీ మధ్య టైము చాలేది కాదు. ఊరు దాటగానే ఓ చింతచెట్టు కింద డ్రైవరు బస్సాపేసేవాడు. నాన్న ట్రే పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి ఈదుకుంటూ వెళ్ళి, అందరికీ కొట్టి, ఎస్సార్ రాసి, ‘రైట్ రైట్’ అనేదాకా బస్సు కదిలేది కాదు. ఎస్సార్ అంటే ఏ రేటు టికెట్లు ఏ నంబరు దాకా అమ్ముడయ్యాయో స్టేజీ స్టేజీకీ రాసే కాగితం. కండక్టరు జాతకం అందులో ఉంటుంది. చెకింగ్ ఎక్కగానే ముందు అడిగేది అదే.

“ట్రిప్పుకి పావుగంట, ఇరవై నిమిషాలు చెట్టుకిందే పోయేవిరా” అన్నారు. “మీ వాళ్ళు ఆ చెట్టుకింది పనంతా స్టాపులోకి మార్చేశారు. జనం ఎలాగూ బస్సు కోసం ఊరికే నిలబడతారు కదా, ఆ ఖాళీలో ఎవరి టికెట్టు వాళ్ళే కొట్టుకుంటున్నారు.”

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను. ఒకరి కోసం అందరూ ఆగాల్సిన పనిని ఆ వరసలోంచి బయటికి లాగెయ్యాలని మా ప్రొఫెసరు ఒక సెమిస్టరంతా చెప్పాడు. నాన్న చింతచెట్టుతో చెప్పేశారు.

ఇంకో సంగతి కూడా ఆయనకి నవ్వు తెప్పించింది. ఈ పద్ధతిని బీఆర్‌టీ అంటారని చెప్తే, “ఓరినీ! మన బీఆర్‌టీఎస్ రోడ్డు ఇదేనా?” అన్నారు. విజయవాడ సత్యనారాయణపురంలో, ఒకప్పుడు రైలు పట్టాలున్న చోట, బస్సుల కోసమని వేసిన రోడ్డది. అది బస్సుల రోడ్డుగా స్థిరపడలేదు గానీ పేరు మాత్రం ఉండిపోయింది. ఆటోవాళ్ళు, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు అందరూ బీఆర్‌టీఎస్ రోడ్డనే అంటారు. “పొద్దున్నే నేను వాకింగు చేసే రోడ్డుకి అర్థం తెలుసుకోడానికి కెనడా రావాల్సొచ్చింది” అన్నారు నాన్న.

ఇక ఆయనకి రోజూ అదే పని. వృద్ధుల రేటు టికెట్ల పుస్తకం ఒకటి కొనిచ్చాను. అప్పట్లో కాగితం టికెట్లు పది కలిపి అమ్మేవారు. ఆ టికెట్ జేబులో ఉంటే చాలదు. ఎక్కేముందు స్టాపులో ఉన్న చిన్న పెట్టెలో దూర్చాలి. ‘టక్’ మని తేదీ, టైము పడుతుంది. అక్కణ్ణించి రెండు గంటలు చెల్లుతుంది. ఆ రెండు గంటల్లో ఎటైనా, ఎన్నిసార్లైనా తిరగచ్చు. ఇది నాన్నకి ఒక్కసారి చెప్తే చాలింది. “పంచింగే కదా” అన్నారు.

నేను ఆఫీసుకెళ్ళాక ఆయన ఒక్కరే వెళ్ళి, రెండు గంటలు పూర్తయ్యేలోపు ఎంత దూరం వెళ్ళి తిరిగి రావచ్చో చూసొచ్చేవారు. సాయంత్రం నాకు రిపోర్టు. ఏ స్టాపులో ఎంతసేపు ఆగింది, తెర మీద మూడు నిమిషాలని చూపించి ఎన్ని నిమిషాలకొచ్చింది, ఏ డ్రైవరు బ్రేకు మెత్తగా వేస్తాడు. ఓ రోజు, “ఇక్కడ యూనియనుందా?” అని అడిగారు. ఉందన్నాను. బస్సులు రీజియన్‌వి గానీ నడిపేది కాంట్రాక్టు తీసుకున్న కంపెనీలని, డ్రైవర్లు ఆ కంపెనీల మనుషులని, 2011 అక్టోబరులో మొదలైన సమ్మె మూడు నెలలు దాటి సాగిందని, ఆ చలికాలం నేను తోటి ఉద్యోగి కారులో పడి వెళ్ళానని చెప్పాను. “మూడు నెలలు పిల్లల్ని ఎలా పోషించుకున్నారో పాపం” అన్నారు. నేను ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదని ఒప్పుకోవాలి. నా బతుకూ అదే అయినా సరే. కన్సల్టెంటంటే పనిచేసేది ఒకరి దగ్గర, జీతమిచ్చేది ఇంకొకరు కదా.

ఇక జులైలో ఆ శనివారం. యంగ్ స్ట్రీట్ మీదున్న విష్ణు మందిరానికి నాన్నా నేనూ బయల్దేరాం. మా దగ్గర అప్పటికింకా ఎర్రదారి రాలేదు, రోడ్డు పక్కనే స్టాపు. మేము వీధి మలుపు తిరిగేసరికి బస్సు వచ్చేసింది. నేను పరిగెత్తి నా కార్డు తాకించాను. నాన్న జేబులోంచి టికెట్ తీసి పెట్టె వైపు తిరిగారు. “తరవాత చూద్దాం, ముందెక్కండి నాన్నా” అని భుజం పట్టుకుని లోపలికి తోశాను. తరవాత చూడ్డానికి లోపల పెట్టె లేదు. ఆ సంగతి నాకు తెలుసు. పోనీలే, శనివారం ఎవరొస్తారన్న ధీమా.

హైవే 404 దాటి బస్సు ఎర్రదారిలోకి ఎక్కింది. మొదటి స్టేషన్లో ఇద్దరు యూనిఫారంవాళ్ళు, ఒకరు ముందు తలుపులోంచి, ఒకరు వెనక తలుపులోంచి ఎక్కారు. నేను ఫోను చూసుకుంటున్నాను. నాన్న మోచేత్తో పొడిచారు.

“చెకింగ్.”

తలెత్తి చూసేసరికి ఆయన నిటారుగా కూర్చుని, టికెట్ పట్టుకున్న చెయ్యి ముందుకి చాపి ఉన్నారు. మా దగ్గరికొచ్చిన అతను ముప్పై ఏళ్ళ కుర్రాడు. నా కార్డు చూసి వెనక్కిచ్చాడు. నాన్న టికెట్ తీసుకుని ఒక వైపు, మరో వైపు తిప్పి చూశాడు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఆ తిప్పి చూడ్డం ఆయనకి తెలియని భాషా? అతను నోరు విప్పకముందే లేచి నిలబడ్డారు.

“పంచ్ పడలేదు” అన్నారు తెలుగులోనే, అతనితో.

నేను గబగబా చెప్పుకొచ్చాను. తప్పు నాది, తొందరపెట్టింది నేను, ఆయన విజిటరు, కావాలంటే పుస్తకం చూడండి, మిగతావన్నీ ముద్ర పడ్డవే. అతను విన్నాడు. నాన్నవంక చూశాడు. ఈసారికి వదిలేస్తున్నాను, వచ్చే స్టేషన్లో దిగి ముద్ర వేసుకుని తరవాతి బస్సెక్కండి అన్నాడు. థాంక్స్ చెప్పి దిగాం. లెస్లీ స్టేషన్.

నాన్న నేరుగా పెట్టె దగ్గరికెళ్ళి టికెట్ దూర్చారు. ‘టక్’. దాన్ని కళ్ళజోడు దగ్గరికి పెట్టుకుని టైము చదివి, జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. అటు వరసలుగా కార్లు, ఇటు వరసలుగా కార్లు, మధ్యలో అద్దాల కప్పు కింద మేమిద్దరం. తెర మీద తరవాతి బస్సు పన్నెండు నిమిషాలని ఉంది.

“పోనీలెండి నాన్నా, వదిలేశాడుగా” అన్నాను.

“వదిలేశాడు. అదేరా నా బాధ. అతని ఉద్యోగానికేం కాదు కదా?”

నాకర్థం కాలేదు.

“వీళ్ళ మీద ఇంకో చెకింగ్ ఉండదా? పంచ్ లేని టికెట్టు చూసి కూడా రాయకుండా దింపేశాడని ఎవరైనా చెప్తే?”

ఇక్కడ అలా ఉండదనీ, వదిలేసే అధికారం అతనికే ఉంటుందనీ చెప్పాను. (నిజంగా ఉందో లేదో నాకూ తెలీదు. ఉన్నట్టు చెప్పాను.) ఆయన కాసేపు కార్లవంక చూశారు.

“ఎనభై తొమ్మిదిలో నన్ను రాశార్రా” అన్నారు.

ఆగిరిపల్లిలో ఒక ముసలమ్మ ఎక్కింది. చంకలో మనవడు, ఒళ్ళు కాలిపోతోంది. బెజవాడ పెద్దాసుపత్రికి. కొంగున కట్టుకున్న డబ్బులు ముడి ఊడి ఎక్కడో జారిపోయాయి. టికెట్టడిగేసరికి కొంగు విప్పి చూసుకుని ఏడుపు మొదలెట్టింది. దింపెయ్యాలి, రూలు అది. నాన్న, “కూర్చో అమ్మా” అన్నారు. తన జేబులోంచి డబ్బులేసి టికెట్ కొడదామనే అనుకున్నారు. నిండుబస్సు. ముందు మిగతావాళ్ళవి కొట్టేసి, ఆఖర్న ఆవిడది కొడదామని ముందుకెళ్ళారు. నున్న దగ్గర చెకింగ్ ఎక్కారు.

“కొడదామనుకున్నానంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. ఇన్‌స్పెక్టరు పెద్దాయన, నాకు బాగా తెలిసినవాడే. ఆవిడ ఆయన కాళ్ళు కూడా పట్టుకుంది. రాయకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. రాశాడు. తప్పేం లేదు. రెండు నెలలు సస్పెన్షను, ఒక ఇంక్రిమెంటు కోత.”

“ఎప్పుడు? ఎనభై తొమ్మిదిలో ఎప్పుడు?”

“ఎండాకాలం. నీకు సైకిలు నేర్పించాను చూడు, అప్పుడు.”

ఆ ఎండాకాలం నాకు బాగా గుర్తు. గుర్తేమిటి, మా అమ్మాయికి ఎన్నోసార్లు కథగా చెప్పాను. నాన్న రెండు నెలలు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. అంతకుముందెప్పుడూ లేదు, ఆ తరవాతా లేదు. నైట్ హాల్టులు, డబుల్ డ్యూటీలు లేని నాన్న. పొద్దున్నే గంటకి అర్ధరూపాయి అద్దె సైకిలు తెచ్చి, వెనక క్యారేజీ పట్టుకుని, లుంగీ పైకి కట్టి, నాతోపాటు పరిగెత్తేవారు. అమ్మ పక్కింటివాళ్ళ కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుండేది. అమ్మకి కుట్టుపని సరదా అనుకునేవాణ్ణి. ఆ రెండు నెలలే కుట్టింది. మళ్ళీ ఎందుకు కుట్టలేదో పాతికేళ్ళలో ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు నాకు.

“మరి సైకిలు అద్దెకి డబ్బులు?” అన్నాను. అంతకంటే తెలివైన ప్రశ్న నోటికి రాలేదు.

“సగం జీతమిచ్చేవారులే. నువ్వు పదకొండేళ్ళవాడివి. అడక్కుండా ఎలా ఉంటావు, నాన్నా ఇంట్లో ఎందుకున్నావని? అందుకే పొద్దున్నే సైకిలు తెచ్చేవాణ్ణి.”

బస్సు వచ్చింది. మూడు తలుపులూ తెరుచుకున్నాయి. ఎక్కాం. గుళ్ళో ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నేను ఏం దణ్ణం పెట్టుకున్నానో గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో రెండు గంటలు దాటకుండానే బస్సెక్కాలని ఆయనే తొందరపెట్టారు. దాటలేదు.

ఆ తరవాత వాళ్ళు మళ్ళీ రాలేదు. అమ్మకి మోకాళ్ళు, నాన్నకి అంతసేపు విమానమంటే విసుగు. ఇక్కడ చాలా మారాయి. 2017 డిసెంబరులో టొరాంటో సబ్‌వే స్టీల్స్ దాటి వాన్ దాకా వచ్చింది. ఎర్రదారులు ఇటు మా ఇంటివైపుకీ వచ్చాయి, అటు యంగ్ స్ట్రీట్ మీద ఉత్తరానికీ వెళ్ళాయి. కాగితం టికెట్లు పోయాయి. ఇప్పుడంతా కార్డో ఫోనో తాకించడమే. అన్నిటికంటే నేను సంతోషించింది 2024 ఫిబ్రవరి 26న. అన్నాళ్ళూ స్టీల్స్ ఇవతల బస్సుకొక టికెట్టు, అవతల సబ్‌వేకి ఇంకో టికెట్టు కొన్నాం. ఒక రోడ్డు దాటినందుకు రోజుకి నాలుగు చార్జీలు. ఆ రోజు నుంచి ఒకసారి తాకిస్తే రెండో సంస్థలో మళ్ళీ చార్జీ పడదు.

ఆ ఆదివారం ఫోన్లో నాన్నకి ఈ సంగతి చెప్పాను. ఆయనకి నా సంతోషం ఆనలేదు, లెక్క కావాలి.

“మరి ఆ రెండోవాడి ఎస్సార్ ఎలా టాలీ అవుతుంది? మనిషి ఎక్కాడు, డబ్బులు రాలేదు.”

“ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వం కడుతుంది నాన్నా.”

“ఆ. అలా చెప్పు. ఎవరో ఒకరు కట్టాలి.”

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం అయింది. ఆ వారం నాన్నే ఫోన్ చేశారు. ఊరికే చూడ్డానికని అమ్మని వెంటబెట్టుకుని నూజివీడు బస్సెక్కారట. ఆయనకి డబ్బుల టికెట్టు, అమ్మకి ఆధార్ చూసి సున్నా టికెట్టు. కండక్టరు చేతిలో మిషను, ట్రే లేదు, పంచ్ లేదు. ఆగిరిపల్లిలో జనం బాగా ఎక్కారట.

“సున్నా అయినా సరే, టికెట్టు కొట్టి ఇస్తున్నార్రా. మిషన్లో నంబరు పడుతోంది” అన్నారు.

అవునన్నాను. అటువైపు నుంచి కాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

“ఆ అబ్బాయి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడంటావా?”

“ఏ అబ్బాయి నాన్నా?”

“అదేరా, అక్కడ. మనల్ని దింపేసినవాడు.”